బాయిలర్ వెనక నుంచి నన్ను బయటికి పిలిచిన మా సూపర్‌వైజరమ్మ

మా సూపర్‌వైజరమ్మ పోయిన ఆదివారం బాగేపల్లిలో తమ ఇంట్లో కన్నుమూశారు. మరుసటి రోజు చింతామణిలోని మా పట్టుదారం ఫ్యాక్టరీలో యంత్రాలు గంట ఆలస్యంగా తిరిగాయి. ఆమె పనిచేసినన్నాళ్ళూ అలా ఒక్కసారి కూడా జరగలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. నాకు తెలిసినంత చెబుతాను.

నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. పట్టుగూళ్ళు ఉడికించే తొట్టి దగ్గర నా పని. నీళ్ళ వేడి ఎంత, గూళ్ళు ఏ రకం, దారం ఎన్నిసార్లు తెగింది, ఇవన్నీ రోజూ ఒక పుస్తకంలో రాసుకునేవాణ్ణి. రాయమని ఎవరూ చెప్పలేదు. ఎవరికీ చూపలేదు కూడా. యజమాని లోపలికి వస్తే పనివాళ్ళంతా గోడవైపు జరగడం మా దగ్గర అలవాటు. నేనైతే బాయిలర్ వెనక్కే వెళ్ళిపోయేవాణ్ణి.

"ఏమప్పా, ఆ బాయిలర్ వెనక నీకు పెండ్లి సంబంధమేమన్నా చూస్తాండారా?" అని ఆమె ఒకసారి అడిగితే, దారం తీసే ఆడవాళ్ళంతా పని ఆపి నవ్వారు.

ఒక వానాకాలం దారం ఊరికే తెగడం మొదలైంది. తప్పు ఆడవాళ్ళ చేతుల్లోనే ఉందని యజమాని అన్నారు. నలుగురిని పని మానిపించే మాట కూడా వచ్చింది. నా పుస్తకం తిరగేస్తే, కొత్త బోరు నీళ్ళు తొట్టిలోకి వదిలిన రోజు నుంచే తెగడం పెరిగినట్టు తేలింది. పుస్తకం ఆమెకు చూపి, "మీరే చెప్పండమ్మా" అన్నాను.

"నేను చెప్తే నా పేరు మీద పోతాది. నీకు రావాల్సిన పేరు నాకెందుకప్పా? దా."

ఆఫీసు గదిలో నన్ను యజమాని ముందు నిలబెట్టారు. నా చేతుల నుంచి తొట్టి నీళ్ళు కారుతున్నాయి. "చేతులు తుడ్చుకో. తొందరేం లేదు" అన్నారామె. నాలుగు మాటలు చెప్పి ఆగిపోయాను. యజమాని ఆమెవైపు చూశారు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఇక మిగతాదంతా నేనే చెప్పాల్సి వచ్చింది.

అదే పూట ఒక తొట్టిలో పాత బావి నీళ్ళు, ఇంకొకదాంట్లో బోరు నీళ్ళు పోసి చూశాము. బావి నీళ్ళలో దారం నిలిచింది. ఎవరినీ మానిపించలేదు.

"ఇన్నాళ్ళు యాడున్నావప్పా నువ్వు?" అన్నారు యజమాని.

"ఈడనే సార్, పదకొండేండ్లుగా" అని ఆమె జవాబిచ్చారు.

ఆ ఏడే దారం నాణ్యత చూసే ఉద్యోగం ఖాళీ అయ్యింది. చిక్కబళ్ళాపురం నుంచి డిగ్రీ చదివిన ఒకాయన్ను తీసుకోవడం దాదాపు ఖాయమైంది. ఆ రోజు గదిలో నేను లేను. ఆమె ఏమన్నారో తర్వాత గుమాస్తా చెప్పాడు: "మన నీళ్ళ సంగతి తెలిసినోడు మన దగ్గరే ఉండాడు సార్. ఆయప్ప తప్పు చేస్తే నన్నడగండి."

ఆ మాట ఆమె నాతో ఎన్నడూ అనలేదు. ఉద్యోగం వచ్చాక దండం పెట్టబోతే కసిరారు. "నాకెందుకు దండం? ఇంక నోరు తెరవనోళ్ళు ఎవరెవరుండారో చూడు, పో." అలా చూసి నేను యజమానికి చెప్పిన పేర్లు ఇప్పటికి ఐదు. ఈ సంగతి మాత్రం గర్వంగానే రాస్తున్నాను.

సంతాప సభలో పెట్టడానికి ఆమె ఫోటో కోసం ఫ్యాక్టరీ ఫోటోలన్నీ వెతికాను. ఒక్కదాంట్లోనూ ఆమె పూర్తిగా లేరు. నేను కొత్త ఉద్యోగంలో చేరిన రోజు తీసినదాంట్లో యజమాని పక్కన బిగుసుకుపోయి నిలబడ్డాను. ఫోటో అంచున పచ్చగాజుల చెయ్యి ఒక్కటే ఉంది, నా భుజాన్ని ముందుకు తోస్తూ.