అక్కగారింటాయన

మా గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. ముగ్గురిలో పెద్దవాడికి మేం పెట్టిన పేరు అక్కగారింటాయన. కాలేజీ లెక్కలో అతను మాలాగే పరాయి దేశానికి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థి. ఆఫీసు లెక్కలో మాత్రం సొంత ఊళ్లో, అక్కయ్య ఇంట్లో, ఆమె కుట్టుమిషను పక్కన కూర్చుని ఉద్యోగం చేస్తున్న మనిషి.

అతని పని ఆసుపత్రి బిల్లులు సరిచూడటం. బీమా కంపెనీకి వచ్చిన వాటిలో ఏది చెల్లుతుందో ఏది చెల్లదో తేల్చాలి. రోగుల వివరాలు కాబట్టి దేశం దాటి తెరవకూడదని ఆఫీసు నియమం. చదువు వీసా మీద వచ్చినవాడు అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదని ఇక్కడి నియమం. ఆ రెండింటి మధ్యా అతను గోడ మీద పిల్లిలా నడిచేవాడు. ఉద్యోగం పోతే రెండో ఏడు ఫీజు కట్టలేడు, చదువు సగంలో ఆగిపోతుంది. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసే ఎగతాళి చేసేవాళ్లం.

ఉపాయం సులువైనదే. ఆఫీసు లాప్‌టాప్ అక్కయ్య ఇంట్లో బల్ల మీద ఉంటుంది. ఆమె పొద్దున్నే దుమ్ము దులిపి దాన్ని ఆన్ చేస్తుంది. ఇతను ఇక్కడినుంచి తన పాత లాప్‌టాప్‌తో దాన్ని నడుపుతాడు. ఇక్కడ అక్షరం కొడితే అక్కడి తెర మీద పడుతుంది. మీటింగుల్లో ముఖం చూపించాల్సి వస్తే వెనకాల అక్కయ్య గది ఫొటో: నీలం రంగు బీరువా, దాని మీద మూత సరిగా పడని సూట్‌కేసు. మేం పక్కన తువ్వాళ్లు ఆరేసుకుంటూ "అన్నా, దాహమేస్తోంది, అక్కయ్యని కాసిని మంచినీళ్లడుగు" అనేవాళ్లం.

"నవ్వండ్రా, నవ్వండి. నవ్విన నాపచేనే పండుతుంది" అనేవాడు.

పండలేదు.

ఆఫీసులో అతనికి పని నేర్పినాయన ఒకరున్నారు. అందరూ పెద్దాయన అంటారు. ఇంటినుంచి పని చేసుకుంటానని ఇతను అడిగినప్పుడు, "వాడికి నేను పూచీ" అని పైవాళ్లతో చెప్పింది ఆయనే. పాత లాప్‌టాప్‌లు ఇచ్చేసి కొత్తవి పట్టుకెళ్లమని ఆఫీసునుంచి కబురొస్తే, ఇతను నడుం నొప్పన్నాడు. మెదలలేని మనిషిని పలకరించకుండా ఉండే రకం కాదాయన. కొత్త లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, చెప్పాపెట్టకుండా అక్కయ్య ఇంటికి వెళ్లాడు.

మా దగ్గర అప్పుడే తెల్లారుతోంది. ఇతను ఏదో కాన్పు బిల్లు మీద వంగి ఉన్నాడు. అక్కడ అక్కయ్య తలుపు తీసి, కంగారులో "స్నానం చేస్తున్నాడండీ" అనేసి, కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయిందని మాకు తరవాత తెలిసింది. తమ్ముడికి చెబుదామంటే ఆమె ఫోను ఆయన ముందున్న బల్ల మీదే ఉండిపోయింది. ఆ ఫోను పక్కన లాప్‌టాప్. దాని తెర మీద బాణం గుర్తు తనంతట తానే తిరుగుతోంది. మనిషి స్నానాల గదిలో ఉన్నాడు, బిల్లులు మాత్రం ఒకదాని తరవాత ఒకటి చెల్లుతున్నాయి.

ఇక్కడ నేను బ్రెడ్డు కాలుస్తున్నాను. అతని చేతులు ఉన్నట్టుండి కీబోర్డు మీదినుంచి పైకి లేచాయి. తెర మీద, అతను కొట్టని అక్షరాలు పడుతున్నాయి.

"నడుం నొప్పి తగ్గిందా అబ్బాయ్?"

దాని కిందే ఇంకో వరుస.

"కాఫీ బాగుంది. అక్కయ్యగారే కంగారులో రెండు కప్పులు తెచ్చారు, పాపం."

అతను "సార్" అని కొట్టి, చెరిపేశాడు. ఆ చెరపడం కూడా అక్కడ ఆయన కళ్ల ముందే జరిగింది.

మర్నాడు మీటింగులో మేనేజరు అడిగాడు: "కొత్తది అందిందా అతనికి? ఎలా ఉన్నాడు?"

"అందిందండీ" అంది పెద్దాయన గొంతు. "ఇంట్లోనే ఉన్నాడు. చూసే వచ్చాను."

ఇతను నీలం బీరువా ముందు కూర్చుని విన్నాడు. మీటింగు అయిపోయాక నేను "బతికిపోయావన్నా!" అన్నాను.

"నోర్మూసుకోరా. తిట్టినా బాగుండేది. అబద్ధం ఎరగని మనిషి చేత నాకోసం అబద్ధమాడించాను."

ఆ వారంలోనే రాజీనామా రాశాడు. నిజం రాస్తే ముందు పెద్దాయన మెడకే చుట్టుకుంటుంది. అందుకని ఆరోగ్యం బాగోలేదని రాశాడు. ఒక అబద్ధం లోంచి బయటికి రావడానికి ఇంకో అబద్ధమే తలుపయింది. రెండో ఏడు సంగతి మా గదిలో ఎవరమూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు అక్కయ్య వీడియో కాల్ చేసింది. వెనకాల అదే బీరువా, ఈసారి నిజంది. బల్ల మీద లాప్‌టాప్ లేదు. బుట్టనిండా యాపిల్సూ బత్తాయిలూ ఉన్నాయి.

"మీ పెద్దాయన వచ్చి ఆ లాప్‌టాప్ పట్టుకెళ్లాడు తమ్ముడూ. ఇవి మీ ఆఫీసు వాళ్లందరూ కలిసి పంపారట, నువ్వు త్వరగా కోలుకోవాలని."

ఇతను తల వంచుకున్నాడు. "ఆయనేమన్నా అడిగాడా?"

"ఎలా ఉన్నాడమ్మా అన్నాడు. ఈసారి నా వల్ల కాలేదురా. ఒంటికేం కాలేదండీ, మీకు ముఖం చూపించలేకపోతున్నాడు అన్నాను. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు."

మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

"ఇప్పుడీ పళ్లేం చెయ్యమంటావు?" అంది అక్కయ్య.

"నువ్వే తినవే అక్కా."

"నాకు గొంతు దిగుతాయట్రా?"

"పోనీ చుట్టుపక్కల పంచెయ్యి."

"పంచితే, ఇంట్లో ఎవరికి బాగోలేదని అడుగుతారు కదరా. ఏం చెప్పను?"