పెద్దక్షరాల ప్రశ్నపత్రం

ఆ ఫోను అంత దూరంగా పెట్టకు, ఇలా నా పక్కకొచ్చి సరిగ్గా కూర్చో. సగం విని మిగతాది నీ సొంతంగా కలిపేశావంటే ఒప్పుకోను. అమ్మమ్మ చెప్పింది చెప్పినట్టే రాయి, తెలుగులోనే రాయి.

మన పైగదిలో అద్దెకున్న కరీంనగర్ అమ్మాయి గురించి చెప్తాను. నువ్వు అక్కా అక్కా అంటూ వెంట తిరిగేదానివే, ఆ పిల్ల. ఇండియా నుంచి ఇక్కడికి మాస్టర్స్ చదవడానికొచ్చింది. చీకటి పడ్డాక నీతో బయటికి ఆడుకోవడానికి వచ్చేది కాదని అలిగేదానివి. ఎందుకు రాదో నీకు తెలీదు. మొదట్లో మాకూ తెలీదు.

నేను మాత్రం వంటింట్లో చూస్తూనే ఉన్నాను. ఫోను ముక్కుకు ఆనించుకునేది. ఏ గిన్నెలో ఏముందో వంగి వాసన చూసి తెలుసుకునేది. గ్యారేజీ మెట్టు కాలితో తడిమి దిగేది. ఏంటమ్మా అంటే, "నిద్ర సరిపోలే అమ్మమ్మా" అనేది. చదువుకునే పిల్ల కదా, నిజమే అనుకున్నాను.

సెమిస్టర్ మధ్యలో పరీక్ష రాసొచ్చిన రోజు అన్నం వద్దంది. నేను గోంగూర ఒలుచుకుంటున్నాను. ఎదురుగా కూలబడి, తనూ నాలుగు కాడలు అందుకుంది.

"సగమే రాసిన అమ్మమ్మా. అక్షరాలు మస్తు చిన్నగున్నయి. ప్రశ్నలు చదివేసరికే టైమ్ అయిపోయింది. వచ్చినవి కూడ రాయలే."

అప్పుడు చెప్పింది. చిన్నప్పటి నుంచీ కంటి జబ్బట. అద్దాలు పెట్టుకున్నా చూపు మెరుగుపడదు, వెలుతురు తగ్గితే ఇంకా కనపడదు. ఫైనల్ పరీక్ష కూడా ఇలాగే పోతే మార్కులు పడిపోతాయి, కోర్సు ఆగిపోతుంది, పెట్టె సర్దుకుని వెళ్లిపోవాలి.

"మీ కాలేజీలో చెప్పావా?"

"చెప్తే వీసా పోతది."

"ఎవరన్నారు?"

"మా స్టూడెంట్ల గ్రూపుల అందరు అంటరు. డిసెబిలిటీ అని ఒక్కసారి రాసుకున్నరంటే, వీసా స్టాంపింగ్‌కి పోయినప్పుడు పట్టుకుంటరంట."

"నా మోకాలికి వికలాంగుల పార్కింగ్ నీలం కార్డు ఇచ్చారు. కారులో తగిలించుకుని ఊరంతా తిరుగుతున్నాను. నన్నెవరైనా విమానం ఎక్కించారా?"

"నీ ముచ్చట వేరే అమ్మమ్మా. ఇంకోటి, నాకు వైకల్యం ముప్పై శాతమే అని మా దగ్గర డాక్టర్లు రాసిన్రు. నలభై ఉంటెనే సర్టిఫికెట్ ఇస్తరు. ఆడనే ఇయ్యలే, ఈడ ఇస్తరా?"

"వీసా పోవడానికేమో కళ్లు కనపడనిదానివి, సాయం అడగడానికేమో కళ్లున్నదానివి. రెండిట్లో ఒకటి తేల్చుకో."

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది. నవ్వినప్పుడే పట్టుకోవాలని, వెంటనే మీ అమ్మను పిలిచాను.

మీ అమ్మ ఆఫీసుకి సెలవు పెట్టి మమ్మల్నిద్దర్నీ యూనివర్సిటీకి తీసుకెళ్లింది. ఇలాంటి విద్యార్థుల కోసమే అక్కడొక ఆఫీసుంది. అందులో ఒక నెరిసిన జుట్టావిడ కూర్చోబెట్టి, క్లాసులో నీకు కష్టమయ్యేదేంటి అని ఇంగ్లీషులో అడిగింది. మన పిల్ల ఇండియా నుంచి తెచ్చుకున్న ఫైలు ముందుకు జరిపి, "థర్టీ పర్సెంట్ మేడమ్" అంది, తప్పు చేసి దొరికినట్టు. ఆవిడ ఆ శాతం వంక ఒకసారి చూసి ఫైలు పక్కన పెట్టింది. సరే, నువ్వు చదువుకోవాలంటే ఏమేం కావాలి అంది.

పిల్ల మళ్లీ ఆ ఫైలే ముందుకు జరిపింది. పుట్టిన దగ్గర్నుంచీ ఎంత తక్కువ కనపడుతుందని కొలిచినవాళ్లే గానీ, ఏం కావాలని అడిగినవాళ్లు లేరు. ఇక నేనే అందుకున్నాను.

"బిగ్ లెటర్స్ మేడమ్. శారీ షాప్ బోర్డ్ సైజ్."

మీ అమ్మ నా చెయ్యి గిల్లింది. ఆవిడ మాత్రం హాయిగా నవ్వింది. ఆ నవ్వుతో పిల్లకు ధైర్యమొచ్చి మొదలుపెట్టింది. పెద్దక్షరాల పేపరు, ఎక్కువ టైము, బల్ల మీద మంచి దీపం, బోర్డు మీద చూపించేవి ముందుగానే తన లాప్‌టాప్‌కి. ఆవిడ టైప్ చేస్తూనే ఉంది. వీసా సంగతి మీ అమ్మ అడిగింది. ఈ వివరాలు వీసా వాళ్లకు పంపరట, మార్కుల షీటు మీద కూడా రాయరట. ఇక్కడి కంటి డాక్టరు దగ్గర్నుంచి ఒక ఉత్తరం తెస్తే చాలంది. రాసేసిన పరీక్ష మార్కులు మాత్రం మారవంది. అంటే అంతా ఫైనల్ మీదే ఉందన్నమాట.

డాక్టరు ఉత్తరం ఇచ్చాక ఆఫీసు వాళ్లు ఆ ఏర్పాట్లన్నీ రాసి లెటరిచ్చారు. దాన్ని ప్రొఫెసర్‌కి చూపించి, తనే మాట్లాడుకోవాలి. అక్కడొచ్చింది చిక్కు. మన పిల్లలకు సారు ముందు నిలబడితే మెడ దానంతటదే వంగుతుంది. అందుకని వంటింట్లో నేను ప్రొఫెసర్నయ్యాను.

"సారీ సర్, ప్లీజ్ సర్, మీకు వీలైతే కొంచెం అడ్జస్ట్ చేసి..."

"వీలవదమ్మా, వెళ్లిరా."

"అట్ల అంటవేంది అమ్మమ్మా?"

"వీలైతే అన్నావుగా, నాకు వీలవలేదు. మళ్లీ రా."

ఈసారి సారీ తీసేసి ప్లీజ్ ఉంచింది. మళ్లీ పంపించాను. నువ్వు అప్పు అడగట్లేదు, నీకు రావాల్సింది అడుగుతున్నావన్నాను. మునక్కాయలు తరగడం అయ్యేదాకా అదే పని. చివరికి నిటారుగా నిలబడి, "సర్, ఇది నా లెటర్. ఫైనల్‌కి ఈ ఏర్పాట్లు కావాలి. ఎక్కడ రాయాలో మాట్లాడుకుందాం" అంది. నా మోకాలు ఊరుకుంటే లేచి కుర్చీ వేసేదాన్నే.

మర్నాడు సారు దగ్గర్నుంచి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమన్నాడే?"

"రెండు నిమిషాల్ల ఒప్పుకున్నడు. ఇంక ఏమన్న కావాల్నా అని ఆయననే అడిగిండు. గింత ప్రాక్టీస్ చేసింది ఉత్తగనే పాయె."

ఫైనల్ విడిగా ఒక గదిలో రాయించారు. పేపరు బల్లకు రెండువైపులా వేలాడిందట, అంత పెద్దది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా నా దగ్గరికొచ్చింది.

"మొత్తం రాసిన అమ్మమ్మా. రాసినంక మళ్ల చదువుకున్న. నా పేపర్ నేను మళ్ల చదువుకునుడు ఇదే మొదటిసారి."

ఫైనల్ రిజల్టు వచ్చిన రోజు లాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి, అక్షరం పెంచుతూ పోయింది. స్క్రీన్ నిండా ఒక్క ఇంగ్లీషు 'ఏ' అక్షరం నిలబడింది, అన్నిటికంటే పై గ్రేడు. పొయ్యి దగ్గర్నుంచి, కళ్లజోడు లేకుండా నేనే చదివాను. అందరం చూస్తుండగానే వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, మెల్లగా అడిగింది.

"అయితే నీ కండ్ల సంగతి ఆడ అందరికి తెలిసిపోయిందా బిడ్డా?"

"తెలిసింది అమ్మా. తెలిసింది కాబట్టే 'ఏ' గ్రేడు వచ్చింది."

ఆవిడ ఫోను నాకిమ్మంది. నేను తీసుకుని, వదినగారూ, అన్నానో లేదో, ఆవిడ నాతో...

"అమ్మా, ఎంతసేపు పిలవాలి? దోసె చల్లారిపోతోంది, ఇద్దరూ రండి."

అదిగో మీ అమ్మ. వస్తున్నానే, వస్తున్నా. నువ్వు రాస్తూ ఉండు కన్నా, ఆవిడేమందంటే, మా పిల్ల కండ్ల సంగతి ఇన్నాళ్లూ నేనే దాచిపెట్టిన, ఇంక దాచ, అంది.