పెళ్ళిచూపులకు వెడల్పాటి టైర్లు

మూడేళ్ళ కిందటి మాట. గుడియాత్తంలో లుంగీలు నేసే ఇల్లు మాది. నాకు మాత్రం కార్ల పిచ్చి. నేరు దారిలో దూసుకుపోయే డ్రాగ్ రేసు కార్లకు వేసే వెడల్పాటి చక్రాలూ టైర్లూ తెచ్చి నా పాత కారు వెనక బిగించాను. టైరుకూ పైనున్న రేకుకూ మధ్య రెండు వేళ్ళ సందుంది. చాలనుకున్నాను.

మర్నాడే వేలూరులో నాకు పెళ్ళిచూపులు. నేను, అమ్మ, నాయన బయల్దేరబోతుంటే అమ్మ ఆగిపోయింది. "ముగ్గురు పోతే పని కాదప్పా" అని పక్కింట్లో ఉండే పెద్దమ్మనీ పెదనాయననీ ఎక్కించింది. ఇద్దరూ మంచి ఒళ్ళున్నవాళ్ళు. అమ్మతోపాటు వెనకే కూర్చున్నారు.

మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే వెనక కర్రుమంది.

"ఏంది నాయనా ఆ సద్దు?" అంది పెద్దమ్మ.

"రోడ్డు బాగలేదు పెద్దమ్మా" అన్నాను. టైరు పైరేకుకు ఒరుసుకుంటోందని నాకు తెలిసిపోయింది. ఆగితే మంచి వేళ దాటిపోతుంది, ఆగకపోతే టైరు పేలుతుంది. వేలూరు చేరేసరికి రబ్బరు కాలిన కంపు. అమ్మాయి ఇంటి ముందు ఆపగానే చక్రం దగ్గర పొగ లేచింది. వీధంతా బయటికొచ్చింది.

కాఫీ ఇస్తూ ఆ అమ్మాయి మెల్లగా అడిగింది. "కారు ఖాళీగా ఉన్నప్పుడు కొలిచినారా?"

కిటికీలోంచి చూస్తే, అందరూ దిగాక కారు పైకి లేచి ఆ రెండు వేళ్ళ సందు మళ్ళీ కనబడుతోంది. సంబంధం పోయిందనే అనుకున్నాం. మూడోనాడు అమ్మాయి ఇంటినుంచి ఫోనొచ్చింది. అమ్మ నవ్వాపుకోలేక చెప్పింది. "పాత చక్రాలు ఏస్తేనే పెండ్లి అనిందంట!"

ఆ టైర్లు ఇప్పుడు మా మిద్దె మీదున్నాయి. ఒకదాంట్లో మా ఆవిడ కరివేపాకు పెంచుతోంది. రెండోది ఖాళీగా ఉంది. దాన్ని చూస్తే ఇప్పటికీ నా చేతులు ఊరుకోవు.