జేబులో ఫ్యూజులు

మా బిల్డింగు మీద వాన పడాలన్నా ముందు ఐజాక్ అంకుల్‌ను ఒక మాట అడగాలేమో అని నేను ఎగతాళి చేసేదాన్ని. చిలకలగూడలో మాది ఆటో ఒకటి కష్టంగా దూరే గల్లీ. అందులో మా బిల్డింగుకు సెల్లార్, దానిపైన మూడంతస్తులు. మొదటి అంతస్తులో ఐజాక్ అంకుల్, ఆయన అక్క రోసమ్మ టీచర్ ఉంటారు. రెండో దాంట్లో నేను, మా ఆయన. మూడో అంతస్తువాళ్లు వేసవి వస్తే తాళం వేసి ఊరికి పోతారు. ఏప్రిల్ రాగానే అంకుల్ మెట్ల గోడకు ఒక కాగితం అంటిస్తారు. గాలివాన వస్తే, రెండు మూడు రోజులు కరెంటు లేకపోతే, ఎవరు ఏం చెయ్యాలో అందులో ఉంటుంది. పైన రేకులకు తాళ్లు కట్టడం, ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు చూడటం ఆయన పని. ఆఫీసులో పదిమంది చేత పని చేయించే నాకు మాత్రం రెండు బిందెలు, ఒక టార్చి, ఒక పవర్ బ్యాంకు. ఆదివారం చర్చి నుంచి రాగానే మా ఇంటికొచ్చి ఆ టార్చి నొక్కి మరీ చూసుకుని పోయేవారు.

"నవ్వు తల్లీ, నవ్వు. వాన వచ్చి నిన్ను చూసి నవ్విన రోజు నాకు చెప్పు," అనేవారు.

ఆ చాదస్తం ఎవరి కోసమో అందరికీ తెలుసు. రోసమ్మ టీచర్‌కు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. మూడేళ్లుగా మంచం పక్కన ఆక్సిజన్ మిషన్, ముక్కుకు సన్నటి గొట్టం. కరెంటు పోతే మిషన్ ఇన్వర్టర్ మీద మూడున్నర గంటలు నడుస్తుంది. అదీ అయిపోతే సిలిండర్. ఏదీ లేకపోతే ఎంతసేపు అని డాక్టరు చెప్పలేదు, అంకుల్ అడగలేదు.

వాళ్లది తెనాలి వైపు. తండ్రి పోయాక రోసమ్మ టీచర్ క్రైస్తవ మిషనరీ స్కూల్లో చేరి, ఆ జీతంతోనే తమ్ముణ్ణి ఐటీఐ చదివించారు. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడికి మాత్రం చేశారు. ఆయన భార్య పోయాక మళ్లీ ఆయనకు అన్నం వండిపెట్టిందీ ఆమే. అంకుల్ మొదట ఒక రైసు మిల్లులో ఎలక్ట్రీషియన్. అక్కడ జెరెమియా అనే తోటి పనివాడు మోటారు విప్పుతుండగా ఎవరో తెలియక ఫ్యూజు పెట్టేశారట. జెరెమియా ఎడమ చెయ్యి పోయింది. ఆ రోజు నుంచి అంకుల్‌కు ఒకటే పద్ధతి. ఫ్యూజు తీస్తే అది తన చొక్కా జేబులో ఉండాలి. తీసినవాడే మళ్లీ పెట్టాలి. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు అలాగే చేశారు. భోజనానికి వెళ్లినా ఫ్యూజు జేబులోనే వెళ్లేదని గర్వంగా చెప్పేవారు.

ఆయన జాగ్రత్తల్లో నాకు నచ్చనిది ఒకటుంది. నచ్చలేదని ఏనాడూ నోరు తెరిచి అనలేదు కాబట్టి నా తప్పు కూడా ఉంది. రెండేళ్ల కిందట వానకు సెల్లార్లోకి నీళ్లొచ్చి మీటర్ల దాకా లేచాయి. ఒక కుక్క షాక్ కొట్టి చచ్చిపోయింది. వారం తిరక్కుండా అంకుల్ గేటుకు అడ్డంగా మోకాలెత్తు సిమెంటు కట్ట పోయించారు, బండ్లు దాటడానికి రెండు వైపులా ఏటవాలు పెట్టి. మా సెల్లార్ పొడిగా ఉండిపోయింది. ఆ నీళ్లు ఎక్కడికో పోవాలి కదా, ఎదురుగా భద్రన్న ఇంట్లోకి పోయాయి. భద్రన్న కింద అంతస్తులో దూది పరుపులు కుడతాడు. పోయినేడు దూదంతా నానిపోయింది. ఒక్క అడుగైనా తగ్గించమని వచ్చి అడిగితే, "మీ గడప మీరు ఎత్తు చేసుకోండి," అన్నారు అంకుల్. అప్పటి నుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. నా స్కూటీ తడవడం లేదు గనక నేను ఎటూ మాట్లాడలేదు.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. ఈదురుగాలులు, భారీ వర్షం అని హెచ్చరిక. అంకుల్ వెంటనే సిలిండర్ చూసుకున్నారు. ముల్లు ఎర్రగీత మీద ఉంది. ఎక్కడో సన్నగా లీకయింది. బోయిన్‌పల్లిలో నింపి ఇస్తారు, ఆటోలో గంటన్నరలో వచ్చేస్తానన్నారు.

"స్వర్ణా, అక్క దగ్గర కూర్చోమ్మా. మిషన్ ఇన్వర్టర్ మీద పెట్టా. కింద మెయిన్ తీసేసి పోతున్నా. కట్ట ఉన్నా సరే, నీళ్లు ఊటగా వచ్చి మీటర్లకు తగిలితే ప్రమాదం."

"సరే అంకుల్, జెల్ది రాండి."

అప్పటికి రెండైంది. సెల్లార్లోకి దిగి మూడు పింగాణీ ఫ్యూజులు లాగి, అలవాటు ప్రకారం జేబులో వేసుకుని ఆటో ఎక్కారు. ఆయనకు తట్టలేదు, నాకు అంతకన్నా తట్టలేదు.

మూడింటికి గాలి మొదలైంది. అలాంటి గాలి నేనెప్పుడూ చూడలేదు. పైన రేకులు తాళ్లు తెంచుకోవాలని కొట్టుకున్నాయి గానీ తెగలేదు. గల్లీ అంతా కరెంటు పోయింది. వాన గంటసేపు ఆగకుండా కొట్టింది. కిటికీలోంచి చూస్తే గల్లీలో నీళ్లు భద్రన్న గడప దాటి లోపలికి పోతున్నాయి. భద్రన్న, ఆయన భార్య కమలాబాయక్క పరుపులు మోసుకుంటూ మెట్లెక్కుతున్నారు. మా గేటు దగ్గర నీళ్లు సిమెంటు కట్టకు తగిలి అటే మళ్లుతున్నాయి. నేను కిటికీ వేసేశాను.

నాలుగున్నరకు ఎదురింట్లో లైటు వెలిగింది. గల్లీ చివరిదాకా ఇళ్లన్నీ వెలిగాయి. "హమ్మయ్య టీచర్, కరెంటొచ్చింది," అని లేచి స్విచ్చి నొక్కాను. వెలగలేదు. అప్పుడు గుర్తొచ్చింది, కింద మెయిన్ ఫ్యూజులు తీసేసి ఉన్నాయి. ఫోన్ చేశాను.

"అంకుల్, ఎక్కడున్నరు? అందరికీ కరెంటొచ్చింది. మనకే లేదు. ఫ్యూజులు ఏడ వెట్టిండ్రు?"

అటు నుంచి హారన్ల మోత.

"జేబులో ఉన్నాయమ్మా," అన్నారు అంకుల్.

సిలిండర్ నింపించుకుని తిరిగొస్తుంటే రైలు వంతెన కింద నీళ్లు నడుములోతు ఉన్నాయట. ముందు బస్సులు, వెనక లారీలు. ఆటో ముందుకూ పోదు, వెనక్కీ పోదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "ఊరందరికీ డ్యూటీలు రాసినరు, ఫ్యూజులు ఎట్ల వట్టుకవోయిండ్రు అంకుల్? ఏదన్న వైరు ముక్క పెట్టనా? తలపిన్నులు ఉన్నయి నా దగ్గర."

"వద్దు! నీకు దండం పెడతా, ఆ బోర్డు జోలికి పోవద్దు. నువ్వు పోతావు. సిలిండర్ ఇక్కడే వదిలేసి నడిచి వస్తా. అక్కకు చెప్పు... లేదు, ఏం చెప్పకు."

చెప్పక్కర్లేదు. ఫోన్లో ఆయన అరుపులు రోసమ్మ టీచర్‌కు వినపడుతూనే ఉన్నాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే గల్లీలోకి రాలేమన్నారు. కరెంటు ఆఫీసు నంబరు ఎత్తేవాళ్లు లేరు. మా ఆయన డ్యూటీలో ఇరుక్కుపోయాడు. కింద నీళ్లు, పైన తాళం వేసిన ఇల్లు, మధ్యలో మేమిద్దరం. ఇన్వర్టర్ మీద ఎర్రలైటు వెలిగింది. అయిదుంబావుకే అది కూ కూ అని అరిచి ఆగిపోయింది. దాంతో మిషన్ చప్పుడూ ఆగింది.

టీచర్‌ను లేపి దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. వేలికి పెట్టిన, ఆక్సిజన్ చూపించే క్లిప్పులో అంకె తొంభై ఒకటి ఉంది. ఎనభై ఎనిమిదైంది. ఆమె నోరు తెరిచి గాలి పీల్చుకుంటున్నారు. నేను లేచి కిటికీ వైపు చూశాను. ఆమెకు అర్థమైంది.

"వాళ్లనా? వద్దమ్మాయ్... వాళ్లిల్లు... మునుగుతుంటే... ఏ మొహంతో..."

ఎనభై నాలుగు. పెదవులు నల్లబడుతున్నాయి. మొహం గురించి ఆలోచించే టైము కాదు. కిటికీ తీసి వానలో తల బయటపెట్టి అరిచాను.

"కమలక్కా! ఓ కమలక్కా! జెర ఇటు రా అక్కా! మా ఫ్యూజులు అంకుల్ పట్టుకపోయిండు. టీచర్ మిషన్ ఆగిపోయింది. ఒక్క వైరు ఇయ్యక్కా!"

కమలాబాయక్క కిటికీ దగ్గరికి వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. నన్ను చూసింది, నా వెనక మంచాన్ని చూసింది. కిటికీ మూసేసింది. మూయకేం చేస్తుంది అనిపించింది. ఆమె స్థానంలో నేనున్నా మూసేదాన్నేమో. వెనక్కి తిరిగి టీచర్ చెయ్యి పట్టుకున్నాను. ఎనభై ఒకటి.

"ఓ స్వర్ణా! పట్టుకో! ఏడ సచ్చినవ్?"

భద్రన్న గొంతు. బాల్కనీ తలుపు తీసుకుని వానలో నిలబడ్డాడు. పరుపులు ఆరేసే పొడుగాటి వెదురు కర్ర కొసకు ఎక్స్‌టెన్షన్ బాక్సు కట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి, గల్లీ మీదుగా నేనున్న కిటికీకి అందిస్తున్నాడు. వెనక కమలాబాయక్క వైరు చుట్ట విప్పుతోంది. నేను వంగి అందుకుని, బాక్సు లోపలికి లాగి, చేతులు తుడుచుకుని ప్లగ్గు పెట్టాను. మిషన్ బర్రుమంది.

"నడుస్తున్నదా?" అని అరిచాడు భద్రన్న.

"నడుస్తున్నదన్నా!"

"ఇగ ముయ్యి కిటికీ. వైరు పట్టేంత సందు ఉంచి ముయ్యి."

అంతే, లోపలికి పోయాడు. అంకె తొంభై దాటేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. టీచర్ మాత్రం కళ్లు మూసుకుని ఆ ఇంటివాళ్ల పేర్లు చెప్పి ప్రార్థన చేసుకున్నారు.

చీకటి పడుతుండగా అంకుల్ వచ్చారు. నడుము దాకా బురద, ఒక కాలికి చెప్పు లేదు. అక్కను చూశారు, మిషన్‌ను చూశారు, వైరును చూశారు. వైరు వెంట కళ్లు కిటికీ దాకా పోయి ఆగాయి.

"వాళ్లిచ్చారా?"

"ఇచ్చినరు."

సెల్లార్లోకి దిగి చూశారు. ఆయన కట్ట గట్టిదే. నేల చెమ్మగా ఉంది తప్ప మీటర్ల కింద చుక్క నీరు లేదు. ఫ్యూజులు తుడిచి పెట్టబోతుండగా గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. మళ్లీ అన్ని ఇళ్లూ చీకటి. మెట్ల మీదున్న నేను పరుగెత్తి మంచం దగ్గరికి వచ్చాను. మిషన్ ఆగలేదు.

అంకుల్ పైకి వచ్చి కిటికీ తీశారు. కరెంటు చదువు చదివిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. భద్రన్న ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అయినా అక్కడ ఒక్క లైటు వెలగడం లేదు. ఫ్యాను తిరగడం లేదు. తడిసిన పరుపుల మీద మొగుడూ పెళ్లాం చీకట్లో కూర్చుని ఉన్నారు. కమలాబాయక్క అట్టముక్కతో విసురుకుంటోంది. కింద వాళ్ల గుమ్మం సగం నీళ్లలో ఉంది.

"భద్రయ్యా, ఒక లైటన్నా వేసుకోండయ్యా," అన్నారు అంకుల్. ఏడాది తర్వాత అదే మొదటి మాట.

"వద్దన్నా. నాలుగు గంటలు రావాలె గద బ్యాటరీ. అక్కకు సరిపోవాలె," అన్నాడు భద్రన్న. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అది ఉన్నా బాగుండేది, అంకుల్ తట్టుకునేవారు.

ఆయన అక్క వైపు తిరిగారు. రోసమ్మ టీచర్ గొట్టం సర్దుకుని, "వెళ్లరా," అన్నారు.

అంకుల్ గడ్డపార తీసుకుని కిందికి, గేటు కట్ట దగ్గరికి దిగారు. నేను టార్చి పట్టుకుని వెనకే దిగాను. నా స్కూటీ సెల్లార్లోనే ఉంది. ఆగమని చెప్పాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి మొదటి దెబ్బకే రొప్పారు. నాలుగో దెబ్బకు కట్ట పెచ్చు ఊడింది. పై నుంచి భద్రన్న అరిచాడు.

"ఏం జేస్తున్నవన్నా? పాగల్ అయినవా? ఆపు! మీ మీటర్లు మునుగుతయ్! అక్కకు తక్లీఫయితది!"

"మునగనీ," అన్నారు అంకుల్. మళ్లీ కొట్టారు.

కట్ట విరిగి నీళ్లు మా సెల్లార్లోకి ఒక్కసారిగా దూకాయి. అరగంటలో భద్రన్న గుమ్మం దగ్గర నీళ్లు జానెడు దిగాయి. మా మీటర్లు మునిగాయి. వంతెన దగ్గర నీళ్లు తీశాక తొమ్మిదింటికి ఆటో అతను సిలిండర్ తెచ్చిచ్చి పోయాడు. తెల్లవారాక ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసి అందరికీ కరెంటు ఇచ్చారు. మాకు మాత్రం మీటర్లు ఆరేదాకా ఇవ్వలేమన్నారు. ఫ్రిజ్‌లో పాలు విరిగాయని, స్కూటీ స్టార్ట్ కాలేదని నేను అంకుల్‌ను తిట్టిపోశాను. ఆయన తలొంచుకుని విన్నారు. ఆ రెండు రోజులూ రోసమ్మ టీచర్ ఎదురింటి కరెంటుతోనే ఊపిరి తీసుకున్నారు.