ఒక మొద్దు, రెండు రాళ్లు

మొన్న వానలకు కోరుట్ల నుంచి వచ్చిన మా పెద్దబిడ్డ ఫోన్లో ఒక వీడియో చూపించింది. గోదావరి నిండుగా పోతోంది. ఒడ్డున ఇసుకలో పెద్ద టేకుమొద్దు ఒరిగి ఉంది. జనం దానిపైకెక్కి ఫొటోలు దిగుతున్నారు. నాకు తెలియకుండానే “ఒక్కలన్న రాయి పెట్టలేదా?” అనేశాను. “ఏం రాయి బాపూ?” అంది బిడ్డ. సిరిసిల్లలో బట్టలు నేసే సాంచల చప్పుడు మధ్య పెరిగిన పిల్ల, దానికెలా తెలుస్తుంది? ఆ చప్పుడులో చెప్పడానికి నా గొంతు చాలదు కనుక తీరిగ్గా రాస్తున్నాను.

మా అమ్మమ్మగారి ఊరు బీర్పూర్ దాటాక, గోదావరి ఒడ్డున. అక్కడ గోదావరిని ఎవరూ గోదావరి అనరు, గంగ అంటారు. వానాకాలం గంగ వస్తే పైనున్న అడవుల నుంచి మొద్దులు కొట్టుకొచ్చి ఇసుకతిప్పల మీద ఆగేవి. మొద్దును ముందుగా ఎవరు చూస్తే వాళ్లు దాని మీద ఒక రాయి పెట్టి, బండి తెచ్చుకోవడానికి నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. రాయి ఉన్న మొద్దును దొంగలు కూడా ముట్టరు. ముట్టినవాడి గడపలోకి గంగే నడిచి వస్తుందని నమ్మకం. తాళాలు, కాగితాలు, సాక్షులు ఏమీ అక్కర్లేని ఆ పద్ధతి ఎంతో ముచ్చటగా ఉండేది, ఆ ఒక్క రోజు తప్ప.

ఆ ఏడు అమ్మమ్మ ఇంటి దూలం చెదలు పట్టి విరిగింది. వానాకాలమంతా ఆమె పశువుల కొట్టంలో పడుకుంటోంది. మా మామకు, అంటే ఆమె కొడుక్కు, అది కడుపుమంట. ఒకనాడు పొద్దున్నే నడుములోతు నీళ్లలో నడిచిపోయి, తిప్ప మీద తాటిచెట్టంత మొద్దు చూసి రాయి పెట్టి వచ్చాడు. కొత్తగా పెండ్లయి చుట్టపుచూపుగా వెళ్లిన నన్ను, దున్నపోతుల జతను, మోకులను వెంటేసుకుని మళ్లీ బయలుదేరాడు. సద్దిమూటతో అమ్మమ్మ కూడా వచ్చింది. వద్దంటే వినే మనిషి కాదు.

మేం వెళ్లేసరికి అవతలి ఒడ్డు నుంచి చేపలు పట్టే ఒకాయన, తమ్ముణ్ని తోడు తెచ్చుకుని, మొద్దు రెండో కొసన గొడ్డలి వేస్తున్నాడు. ఆయన పడవ పగిలింది, పడవ లేక పూట గడవడం లేదు. ఆయన కూడా పొద్దున్నే రాయి పెట్టి పోయాడు. మొద్దు నడుమ కొమ్మలూ చెత్తా గుట్టగా అడ్డం పడి, ఈ కొసన ఉన్న రాయి ఆ కొసకు కనిపించలేదు.

“నా రాయి ఉన్నది, కండ్లు కనవడ్తలెవ్వారా?” అన్నాడు మామ.

“నా రాయి గూడ ఈడనే ఉన్నది. నీ కండ్లేడవెట్టినవ్?” అన్నాడాయన.

అంతే. గొడ్డలి కర్రకామ మామ నుదుటి మీద పడింది. రక్తం కళ్లలోకి దిగుతుండగా మామ గుడ్డిగా మీదపడి ఆయన చెవి కొరికాడు. తమ్ముడు నా మీదికొచ్చాడు. ఎక్కడ తగిలిందో తెలియదు కానీ ముందుపన్ను ఊగి నోరంతా ఉప్పగా అయింది. మామ గొడ్డలి లాక్కుని విసిరాడు, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు, చిటికెనవేలు తోలు మీద వేలాడింది. తెల్లటి ఇసుక మీద అంత ఎరుపు నేను మళ్లీ చూడలేదు. మనుషుల్లో ఇంత పశువు ఉంటుందా అని భయం వేసింది, అందులో నేనూ ఒకణ్ని. దున్నపోతులు మాత్రం పెద్దమనుషుల్లా నెమరు వేస్తున్నాయి.

అమ్మమ్మ వెళ్లి మొద్దు నడుమ ఎక్కి కూర్చుంది. “రెండు రాళ్లు తీసి గంగల పారేయుండ్రి. ఇగ నేనే రాయి. ఎవనికి దమ్ముంటే వాడు నన్ను లేపుండ్రి” అని తిట్లు మొదలుపెట్టింది. ఆ తిట్లు ఎంతసేపటికీ ఆగలేదు. అందుకే తరువాత ఆమె “నీళ్లచ్చినయ్రా” అని అరిచినప్పుడు అది కూడా తిట్టే అనుకున్నాం. పైన ఎక్కడో వాన పడింది, ఇక్కడ ఎండ కాస్తుండగానే గంగ పెరిగింది.

మా నలుగురిలో ముందు చూసింది అవతలొడ్డాయనే. ఆయన కింద పడి ఉన్నాడు, మామ ఛాతీ మీద కూర్చుని గొంతు నొక్కుతున్నాడు. ఆయనకు మాట రావడం లేదు, తెగిన వేలున్న చెయ్యెత్తి నీళ్ల వైపు చూపించాడు. మామ అది ఎత్తుగడ అనుకుని ఇంకా గట్టిగా నొక్కాడు. మొద్దు లేచింది. దాని మీద మా అమ్మమ్మ, కొంగు నడుముకు చుట్టుకుని, గంగ నడుమకు పోతోంది. ఆయన మోకాలితో మామను ఎగరగొట్టి నీళ్లలోకి దూకాడు. మామ వెనకే పరుగెత్తి మెడలోతులో ఆగిపోయాడు. గంగ ఒడ్డున పుట్టి పెరిగినా ఈత రాని మనిషి. తల్లిని పిలుస్తూ “అవ్వా” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మామ, నేను దున్నపోతుల తోకలు పట్టుకుని ఒడ్డున పడ్డాం. తమ్ముడు ఈదుకుంటూ అవతలికి పోయాడు. అన్న మాత్రం దూరాన మా ఒడ్డుకే కొట్టుకొచ్చాడు, భుజం మీద అమ్మమ్మతో. మొద్దు పోయింది. ఆమె కక్కిన నీళ్లు, ఆయన రక్తం ఒకచోటే ఇంకాయి. మేం చేరుకునేసరికి ఆయన గులకరాయి ఒకటి తీసి అమ్మమ్మ తడిసిన ఒడిలో పెట్టాడు. “గంగల కెల్లి నేనే తెచ్చిన, రాయి నేనే పెట్టిన. ఇగ ఈమె మా అవ్వ” అన్నాడు మామ కళ్లలోకి చూస్తూ. మామ మళ్లీ చెయ్యెత్తాడు. అమ్మమ్మ మామ చెంప మీద ఒక్కటిచ్చి, కొంగు చింపి ఆయన వేలికి కట్టింది.

ఆ వేలు నిలవలేదు. కానీ ఏటా దసరాకు ఆయన గంగ దాటి వచ్చి ఆమె చేతిలో జమ్మి ఆకు పెట్టి కాళ్లు మొక్కేవాడు. మామ ఆ పూట పొలానికి పోయేవాడు. అమ్మమ్మ పోయిన రోజున కొడుకులు పట్టే పాడె ముందుకొమ్ము కోసం ఇద్దరూ వాకిట్లోనే కలబడ్డారు, అంగీలు చిరిగాయి, ఎవరు విడదీసినా ఆగలేదు. చివరికి మామే వదిలి, రొప్పుతూ, “ఇంకో దిక్కు ముందుకొమ్ము నువ్వు వట్టు. ఇద్దరి అవ్వనే గదా” అన్నాడు.

ఒడ్డుపైన మెట్టచెలకలో పూడ్చాక తలవైపు మామ ఒక రాయి పెట్టాడు. కాళ్లవైపు ఆయన ఒకటి పెట్టాడు. ఈసారి ఎవరి రాయి ఎవరికి కనిపించలేదని గొడవ రాలేదు. తరువాత మామ పోయాడు, ఆయనా పోయాడు. మొన్న ఎండాకాలం వెళ్లి చూశాను. చెలక చేతులు మారింది, నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది. కొత్త ఆసామి ఎవరో, ఎందుకో తెలియకుండానే, ఆ రెండు రాళ్ల నడుమ జాగా వదిలి దున్నుతున్నాడు. కాలం అన్నిటినీ ముట్టుకుంటుంది కానీ, రాయి పెట్టిన చోట అది కూడా కాస్త పక్కకు జరిగి పోతుందేమో.