పలక లేకుండా సోమాలీ నేర్పిన ఫాదుమో

నా పేరు చెన్నమ్మ. డెబ్బై దాటాయి. ఊరు తెలకపల్లి. ఇంట్లో నేను, కోడలు సుజాత, మనవరాలు లావణ్య.

నాకు చదువు రాదు. నేను చెప్తుంటే లావణ్య ఫోన్‌లో టైప్ చేస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

నిన్న పొద్దున పత్తి చేనులో ఉన్నాను. సుజాత గట్టు మీది నుంచి అరిచింది.

"అత్తా, ఫాదుమో పాణం పోయిందంట!"

నమ్మలేదు. మూడు రోజుల జ్వరమే కదా అనుకున్నాం. ముప్పై నాలుగేళ్ల పిల్ల.

తెలియని వాళ్లకు చెప్తాను. ఫాదుమోది సోమాలియా. హైదరాబాద్‌కు నర్సింగ్ చదవడానికి వచ్చి, అంబులెన్స్ నడిపే మా వాడకట్టు మస్తాన్‌ను నికా చేసుకుంది.

మా ఊరి ఆడవాళ్లు హైదరాబాద్ పోయి, సోమాలియా నుంచి వైద్యానికి వచ్చేవాళ్లకు అటెండర్లుగా చేస్తారు. భాష రాదు. వాళ్లు నీళ్లడిగితే వీళ్లు దుప్పటి కప్పేవాళ్లు. తిట్లు తిని తిరిగొచ్చేవాళ్లు.

అది చూసి ఫాదుమో మహిళా సంఘం గదిలో ఆదివారం బడి పెట్టింది.

కోడలికి ఏం నేర్పుతుందో చూద్దామని నేనూ పోయాను. బోర్డు మీద ఏదో రాసింది. నేను లేచాను.

"నాకు రాతలు రావమ్మా. నేను పోత."

ఆమె బోర్డు తుడిచేసింది.

"కూసో అవ్వా. మా అమ్మమ్మకు గూడ రాయరాదు. మా దిక్కు ముసలోళ్లు తాతముత్తాతల పేర్లన్ని నోటితోనే చెప్తరు."

ఆ రోజు నుంచి ఎవరి చేతిలోనూ పెన్ను లేదు. నీళ్ల చెంబు ఎత్తి చూపి, బియో. కడుపు పట్టుకుని, హనూన్. అంటే నొప్పి. అమ్మను హోయో అంటారు.

చదువుకున్న కోడళ్లకంటే నాకే ముందు వచ్చాయి!

ఒకసారి సుజాత ఒక సోమాలీ ముసలమ్మకు రెండు నెలలు సేవ చేసింది. డిశ్చార్జ్ రోజు, మన ఆడబిడ్డను సాగనంపినట్టే ఆమె నుదుట బొట్టు పెట్టింది.

ఆమె కొడుకు మండిపడ్డాడు. ఆసుపత్రి వాళ్లు సుజాతను రేపటి నుంచి పనికి రావద్దన్నారు.

ఫాదుమో ఫోన్‌లో ముసలమ్మతో మాట్లాడింది. బొట్టు ఎందుకు పెడతామో చెప్పింది. ముసలమ్మ సుజాతను పిలిపించి, తల మీద చెయ్యి పెట్టి, ఏదో చదివి, తుఫ్ తుఫ్ అని ఉమ్మింది.

తన మీద ఉమ్మిందని సుజాత ఏడుస్తూ ఇంటికి వచ్చింది. ఫాదుమో పొట్ట పట్టుకుని నవ్వింది.

"పిచ్చిదానా, అది దీవెన! మీ అత్త దిష్టి తీసి తూ తూ అని ఉమ్మదా?"

తర్వాతి ఆదివారం అదే పాఠం. "ముందు అడుగుండ్రి. తర్వాత ప్రేమ చూపుండ్రి."

ఇన్నేళ్లు బతికాను. ఇష్టంతో చేసిన పని కూడా ఎదుటివాళ్లకు గుచ్చుకోవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఎక్కడో సముద్రం అవతల పుట్టిన పిల్ల చెప్పింది.

నిన్న మట్టి చేసి మగవాళ్లు తిరిగొచ్చారు. మస్తాన్ ఇంటి ముందే సంఘం అధ్యక్షురాలు భాగ్యమ్మ అంది.

"టీచరే పాయె. ఇగ ఆ గదిల ఎరువు బస్తాలు ఏసుకుందం."

"పత్తి ఏరుడు అయినంక హైదరాబాద్ పోయేటోళ్లు పన్నెండు మంది ఉన్నరు. వాళ్లకెవరు చెప్తరే?" అన్నాను నేను.

"నువ్వే చెప్పరాదు!"

"చెప్త."

"సంతకం రాదు, నువ్వు టీచర్‌వా చెన్నక్కా?"

"ఆమె నాకు పలక మీద పెట్టలే. నోట్లె పెట్టింది. నా నోరు నా దగ్గర్నే ఉంది."

మస్తాన్ తలెత్తి నన్ను చూశాడు.

నాకు వచ్చినవి ఓ నలభై మాటలు. ఫాదుమోలా అన్నీ విప్పి చెప్పలేను. కానీ నొప్పి అని ఒక ముసలమ్మ మూలిగితే మా పిల్లకు తెలియాలి. అంతవరకు నేను చాలు.

ఈ ఆదివారం బడి ఉంది. గదిలో బస్తా కనిపిస్తే బయట పడేస్తాను.

పోయినవాళ్ల కోసం వాళ్లు అనే మాట కూడా ఆమే నేర్పింది. ఇలాహయ్ హ ఉ నహరీస్తో. అంటే, దేవుడు ఆమె మీద దయ చూపాలి.

పోయి రా బిడ్డా ఫాదుమో. నీ మీది మట్టి నీకు బరువు కాకూడదు.

చెన్నమ్మ, ఎడమ బొటనవేలి గుర్తు (ఫోటో కింద ఉంది)

సాక్షులు:
సుజాత, కోడలు
భాగ్యమ్మ, ఇవాళ పొద్దున గది తాళంచెవి తెచ్చి ఇచ్చింది