మిల్వాకీలో హీట్ పంప్ చూసి వచ్చిన శనివారం

నేపర్‌విల్‌లో మా ఇంటికి వేడిగాలి పంపే గ్యాస్ ఫర్నేస్ పాతబడిపోయింది. దాని బదులు బయటి గాలిలోంచి వేడి లాగే హీట్ పంప్ పెట్టించాలని మా కోడలు సునీత కోరిక. పగలంతా ఇంట్లో ఉండేది నేను. చలికి నా వేళ్ళు కొయ్యబారతాయి. "మీరు సరేనంటేనే అత్తయ్యా. సోమవారానికి కంపెనీ వాళ్ళకి చెప్పెయ్యాలి" అంది. అది ఉన్న ఇల్లు చూశాకే చెబుతానన్నాను.

మిల్వాకీలో తన స్నేహితురాలింట్లో ఉందంటే, శనివారం సునీతా నేనూ ఎనిమిదింటి రైలెక్కి షికాగో చేరాం. మిల్వాకీ రైలు పదకొండు దాటాక అదే స్టేషన్‌లో దొరుకుతుంది, చలిలోకి రానక్కర్లేదు. గంటన్నర ప్రయాణం. టికెట్లు ఫోన్‌లోనే తీసుకున్నాం. పులిహోర డబ్బా తెరవగానే పక్క సీటులోని అమ్మాయి నవ్వింది. కరీంనగర్ పిల్ల, మాస్టర్స్ చదువుతోంది. మా పని చెబితే, "గాలిలకెళ్లి వేడి తీస్తదా ఆంటీ? అక్కడ గాలే గడ్డకట్టి ఉంటది" అంటూ పులిహోర పెట్టించుకుంది. నా అనుమానమూ అదే.

ఆ స్నేహితురాలు రజని స్టేషన్‌కి కారు తెచ్చింది. వాళ్ళ ఇంటి పక్కన, మంచులో మునగకుండా ఇనుప స్టాండు మీద, ఏసీ బయటి పెట్టెలాంటిది తిరుగుతోంది.

"ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూశారా ఆంటీ? లోపలి వేడిని బయటికి నెడుతుంది. ఇది బయటి వేడిని లోపలికి నెడుతుంది. మనకి చలేగానీ ఆ గాలిలోనూ కొంత వేడి ఉంటుంది" అంది రజని.

లోపల మా ఇంట్లోలా వేడిగాలి ఒక్కసారిగా ముఖాన కొట్టి ఆగిపోవడం లేదు. మూలమూలకీ ఒకటే వెచ్చదనం. చలికాలమంతా స్పూనుతో తినే నేను పెరుగన్నం చేత్తో కలుపుకున్నాను.

రెండింటికి సరస్సు చూడ్డానికి కారులో బయల్దేరాం. అందరికంటే వెనక వచ్చిన నేను గోడ మీది బొత్తం నొక్కి ఆ హీట్ పంప్‌ని ఆపేశాను. మనుషులు లేని గదిలో ఫ్యాను కూడా తిరగనివ్వని అలవాటు నాది. ఇంగ్లీషు అక్షరాలు యాభై ఏళ్ళు దాటాక నేర్చుకున్నా, 'ఆఫ్' మాత్రం బాగా వచ్చు.

నాలుగున్నరకి తిరిగొస్తే ఇల్లు చల్లబడిపోయింది. రజని ముఖం చిన్నబోయింది. "ఎప్పుడూ ఇలా అవలేదే. ఇవాళ్టి చలికి తట్టుకోలేదేమో" అంది. సునీత కోటు విప్పకుండానే కూర్చుంది. నేను మాట్లాడకపోతే మా ఇంటికి మళ్ళీ గ్యాసే వస్తుంది. పొద్దున రైలెక్కినప్పుడు నాకు కావలసిందీ అదే. కానీ తప్పు ఆ పెట్టెది కాదు.

"నేనే ఆపానమ్మా" అన్నాను.

"శభాష్ అత్తయ్యా. పరీక్ష పెట్టడానికొచ్చి పేపరు చింపేశారు" అంది సునీత.

రజని నవ్వింది. "మా మామగారూ మీ జట్టే ఆంటీ. వచ్చిన నెలంతా ఆపుతూనే ఉన్నారు. ఇది మెల్లిగా వేడెక్కిస్తుంది. ఒకసారి సెట్ చేసి వదిలెయ్యాలి."

మళ్ళీ ఆన్ చేశాక మొదటి గంట శాలువాలు కప్పుకునే టీ తాగాం. ఏడింటికి బయల్దేరేటప్పటికి నా శాలువా ఎక్కడ తీసి పడేశానో ఇల్లంతా వెతకవలసి వచ్చింది.

తిరుగు రైలు ఏడున్నరకి. మీరూ ఇలాంటిది చూడబోతే గుమ్మంలో నిలబడి తేల్చెయ్యకండి, ఒక పూట కూర్చోండి. గడ్డకట్టే గాలిలోంచే వేడి తెచ్చి ఒక ఇంటిని మళ్ళీ వెచ్చబరచడం కళ్ళారా చూశాను. ఇంకా అబ్బురంగానే ఉంది.

"మరి సోమవారం ఏం చెప్పమంటారు?" అంది సునీత రైల్లో.

"పెట్టించు. గోడ మీది బొత్తం మాత్రం నా చేతికి అందనంత ఎత్తులో బిగించమను."